ఒక్క బొట్టుబిళ్ల చాలు: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పియానో నేర్పడం ఎలా

వైజాగ్‌లో కీబోర్డు నేర్పేవాళ్లకు కొదవ లేదు. ఎంవీపీ కాలనీ మొదలు గాజువాక దాకా ఎక్కడికక్కడ ఎవరో ఒకరు దొరుకుతారు. ఆదివారం చర్చిలో వాయించేవాళ్లే చాలామంది వారం మధ్యలో ట్యూషన్లు చెబుతుంటారు. కానీ ఆటిజం ఉన్న బాబునో, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలకు పట్టు చిక్కని స్థితి) ఉన్న పాపనో తీసుకొస్తే "మాకు రాదండీ, ఏదైనా థెరపీ సెంటర్లో అడగండి" అని పంపేస్తారు. పాపం, తప్పించుకోవాలని కాదు, భయంతో. నిజానికి ఇది థెరపీ కాదు, పియానో పాఠమే. కీలు అవే, స్వరాలు అవే. పాఠం ఆ పిల్లల దాకా వెళ్లే దారి ఒక్కటే మారుతుంది.

డాక్టరు కాగితం మీద రాసిన పేరును బట్టి పాఠం మార్చకండి. ఒకే పేరున్న ఇద్దరు పిల్లలకు ఒకే పాఠం పనికిరాదు. ఒక స్వరం వాయించాలంటే కన్ను చూడాలి, పేరు గుర్తుకు రావాలి, వేలు కదలాలి, చెవి విని సరిచూసుకోవాలి. వీటిలో ఏది ఆగిపోతోందో కనిపెట్టి, అక్కడ మాత్రమే చెయ్యి వేయండి. మిగతావి బాగానే నడుస్తుంటే వాటి జోలికి పోవద్దు.

చేర్చుకునే ముందు అడగాల్సినవి

"బాబుకి ఏముంది?" అని మొదలుపెడితే మీకు ఫైలు చేతికొస్తుంది, పిల్లాడి గురించి ఏమీ తెలియదు. ఇవి అడగండి: ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు? ఒక మాట చెప్పాక ఎంతసేపటికి అందుకుంటాడు? చెయ్యి పట్టుకుంటే ఊరుకుంటాడా? విసుగొస్తే ముందు ఏం చేస్తాడు: లేచి నిలబడతాడా, చొక్కా కొరుకుతాడా? ఫిట్స్ వస్తాయా, చివరిసారి ఎప్పుడొచ్చాయి? ఇంట్లో ఏ పాట పదేపదే పెట్టించుకుంటాడు? ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు మొదటి మూడు నెలలకు సరిపడా సరుకు. పెద్దపిల్లలైతే, పెద్దవాళ్లైతే వాళ్లనే నేరుగా అడగండి, పక్కనున్న అమ్మను కాదు.

టైము విషయంలో మొహమాటపడొద్దు. స్కూలు వదిలి, ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ముప్పావుగంట కూర్చుని ఐదున్నరకు వచ్చే పిల్లాడి బుర్రలో పాఠానికి చోటుండదు. శని, ఆదివారాల ఉదయం మేలు. వారానికి ఒక గంట కన్నా రెండు అరగంటలు నయం. తలుపు తీసే ఉంచండి, అమ్మో నాన్నో కనిపించే దూరంలో కూర్చోవాలి.

గది

ముందు మీరే రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుని వినండి. ఫ్యాను కిటకిట, పాత చోకు ట్యూబులైటు గుంయ్‌మనే మోత, వంటింట్లో కుక్కర్ విజిల్, పైనుంచి నేవీ హెలికాప్టరు. మనకు ఇవి వినపడనే వినపడవు. కొందరు పిల్లలకు ఇవన్నీ పియానోతో సమానంగా వినిపిస్తాయి. ట్యూబులైటు తీసి ఎల్ఈడీ బల్బు పెట్టండి. క్లాసు అరగంటా కుక్కరు పెట్టొద్దని ఇంట్లో చెప్పండి. హెలికాప్టర్ని ఆపలేం కాబట్టి, వచ్చినప్పుడు చెవులు మూసుకుని వెళ్లిపోయేదాకా ఆగడం కూడా పాఠంలో భాగం చేసుకోండి.

కరెంటు పోతే ఇంకో తంటా. వాయిస్తుండగా శబ్దం ఠక్కున మాయమైతే తన తప్పేననుకుని హడలిపోయే పిల్లలున్నారు. చాలా 61 కీల కీబోర్డులు 6 పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తాయి. అవి వేసే ఉంచండి.

వాయిద్యం

61 కీలు, మామూలు సైజు కీలు, టచ్ సెన్సిటివ్ (నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారేది): మొదలుపెట్టడానికి ఇది చాలు. బొమ్మల షాపులో దొరికే చిన్న కీల కీబోర్డు మాత్రం వద్దు. దాని మీద వేళ్లకు అలవాటైన దూరం అసలు కీబోర్డు మీద పనికిరాదు, అంతా మళ్లీ నేర్చుకోవాలి. స్థోమత ఉంటే 88 కీల డిజిటల్ పియానో. వేళ్లలో బలం తక్కువున్న పిల్లలకు తేలికగా దిగే స్ప్రింగు కీలే సుఖం. అసలు పియానో కీ దిగాలంటే దాదాపు 50 గ్రాముల బరువు పడాలి, అది అందరి వల్లా కాదు. మెనూలో టచ్ రెస్పాన్స్ ఆపేస్తే, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం ఒకేలా వస్తుంది. వణికే చేతులకు, పట్టు చిక్కని చేతులకు అది పెద్ద ఊరట.

పాత అకౌస్టిక్ పియానో ఇంట్లో ఉందని సంబరపడకండి. మన సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయి, చెక్క ఉబ్బి కీలు ఇరుక్కుంటాయి, శ్రుతి నిలవదు. ఆటిజం ఉన్నవాళ్లలోనూ పుట్టుకతో చూపు లేనివాళ్లలోనూ, స్వరం వినగానే అదేమిటో పట్టేసే చెవి ఉన్నవాళ్లు మిగతావారిలో కన్నా ఎక్కువ. అలాంటి చెవికి శ్రుతి తప్పిన పియానో పంటికింద రాయే. ట్రాన్స్‌పోజ్ బటన్ ఇంకా ఘోరం: వేలు సి మీద ఉంటుంది, వినపడేది డి. "తెలివైన పిల్లాడు, ఈ రోజెందుకో పూర్తిగా తడబడుతున్నాడు" అనిపిస్తే ముందు ఆ బటన్ చూడండి.

కీబోర్డు మీద వందల టోన్లు, డ్రమ్ములు, డెమో పాటలు ఉంటాయి. కొందరు పిల్లలకు డెమో బటన్ కనపడితే పాఠం అక్కడితో సరి. తిట్టి లాభం లేదు. పాత అట్టఫైలును ప్యానెల్ కొలతకు కత్తిరించి మూతలా పెట్టండి. క్లాసు చివరి 3 నిమిషాలు మూత తీసి "ఇక బటన్ల టైము" అనండి. మాట తప్పకండి.

స్టిక్కర్లు వద్దు

ప్రతి కీ మీదా అక్షరాల స్టిక్కర్లు అంటించడం మన దగ్గర మామూలే. దానివల్ల జరిగేది ఇది: కన్ను స్టిక్కర్నే వెతుకుతుంది, నల్ల కీల అమరికను చూడనే చూడదు. మన ఊరి చెమటకు నెలలో సగం ఊడతాయి, జిగురు మిగులుతుంది. వేరే కీబోర్డు ముందు కూర్చోబెడితే ఏమీ రానట్టే అయిపోతుంది.

బదులుగా ఒక్క బొట్టుబిళ్ల చాలు. మధ్య సి (కీబోర్డు నడుమ, రెండు నల్ల కీల గుంపుకు ఎడమపక్కనున్న తెల్ల కీ) మీద, వేలు పడే చోట కాకుండా నల్ల కీల పక్కగా లోపలి కొసన అంటించండి. చూపు తక్కువున్నవాళ్లకు మామూలు మెత్తటి బిళ్ల కాదు, ఉబ్బెత్తుగా రాయి ఉన్నది. దాన్ని కీ ముందువైపు నిలువు అంచు మీద పెడితే వేలికి తగులుతుంది, వాయిస్తున్నప్పుడు అడ్డురాదు. వారానికోసారి స్పిరిట్‌తో తుడిచి కొత్తది పెట్టండి.

మిగతా కీలన్నీ నల్ల గుంపులను బట్టే దొరుకుతాయి. రెండు నల్లవి, మూడు నల్లవి. మూడింటి గుంపును హార్బరు పక్క మూడు కొండలు అనొచ్చు: వెంకటేశ్వర కొండ, దర్గా కొండ, రాస్ హిల్. వైజాగ్ పిల్లలకు ఇట్టే గుర్తుంటుంది. అయితే మాటను ఉన్నదున్నట్టే తీసుకునే పిల్లలతో ఈ ఉపమానాలు బెడిసికొడతాయి, "కొండ ఏది?" అని కీబోర్డు కింద వెతుకుతారు. వాళ్లకు "రెండు", "మూడు", అంతే.

మొదటి క్లాసు: నల్ల కీలు, మోహనం

1. పిల్లాడు కుడివైపు, మీరు ఎడమవైపు. కింది స్థాయిలో ఎఫ్ షార్ప్ (మూడు నల్ల కీల గుంపులో మొదటిది), సి షార్ప్ (రెండింటి గుంపులో మొదటిది) రెండూ కలిపి నొక్కండి. నాలుగు అంకెలు లెక్కపెట్టి మళ్లీ నొక్కండి. తంబురా లాగా. ఏమీ మాట్లాడకండి.

2. నల్ల కీలు ఏవైనా వాయించవచ్చని చేత్తో చూపించండి. పిడికిలితో, అరచేత్తో, ఒక వేలితో, ఎలాగైనా. ఎఫ్ షార్ప్‌ను షడ్జమం (స) చేసుకుంటే ఐదు నల్ల కీలూ మోహన రాగ స్వరాలే, అపస్వరం పడే వీలే లేదు.

3. రెండు నిమిషాలయ్యాక అతను వాయించిన చిన్న ముక్కను మీరు పై స్థాయిలో అచ్చంగా తిరిగి వాయించండి. మళ్లీ అతని కోసం ఆగండి. తనను ఎవరో వింటున్నారని తెలిశాక చాలామంది పిల్లలు ఆగి, కావాలనే వేరేగా వాయించి చూస్తారు. పాఠం మొదలైనట్టే.

4. తర్వాతి వారాల్లో ఆధార షడ్జమం మార్చండి. అవే నల్ల కీలు 'ఎ' షార్ప్ (మూడింటి గుంపులో చివరిది) నుంచి మొదలైతే హిందోళ రాగం, జి షార్ప్ (ఆ గుంపులో నడిమిది) నుంచి మధ్యమావతి. మీరు కింద పట్టే స్వరం మారితే చాలు, పిల్లాడు ఏమీ మార్చుకోనక్కర్లేదు.

క్లాసు ముప్పై నిమిషాలైతే ముక్కలు 5 నిమిషాలకు మించకూడదు: పలకరింపు స్వరాలు, పాత పాట, కొత్త ముక్క, లేచి నడవడం, మోహనంలో ఆట, బటన్లు, టాటా. వీటి బొమ్మలు ఒక అట్ట మీద వరుసగా క్లిప్పులతో పెట్టి, అయినదాన్ని పిల్లాడి చేతనే తీయించండి. వరుస ప్రతి వారం అదే. ఏడీహెచ్‌డీ (కుదురుగా కూర్చోలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం) ఉన్నవాళ్లకు ఆ లేచి నడవడం ఎగ్గొట్టకండి, దాన్ని మానేస్తే తర్వాతి పది నిమిషాలూ పోతాయి.

మీరు ఒక మాట చెప్పాక మనసులో పది దాకా లెక్కపెట్టండి. మూడంకెలకే "ఏమ్మా, నొక్కు" అని మళ్లీ అంటే అతని బుర్రలో మొదలైన పని మళ్లీ మొదటికొస్తుంది. కొత్తగా చెప్పేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, ఊరుకోవడం.

పేర్లు ఒకే రకం

సరిగమలా, సి డి ఇ లా, డో రే మి నా? ఏదో ఒకటి. మన దగ్గర వచ్చే చిక్కు ఇది: కీబోర్డు మాస్టారు సి ని "స" అని నేర్పుతారు, ఇంట్లో అమ్మమ్మ ఐదున్నర శ్రుతిలో పాడుతూ జి షార్ప్‌ను "స" అంటుంది. స అనేది శ్రుతిని బట్టి జరుగుతుంది, సి జరగదు. స్వరాన్ని వినగానే పట్టేసే పిల్లలకు ఇది భరించలేనంత గందరగోళం. కీకి పేరు కావాలంటే సి డి ఇ, పాడటానికి సరిగమ అని విడదీయండి. రెండోది మొదటిది స్థిరపడ్డాక, నాలుగైదు నెలలకు.

వేళ్ల నంబర్లు 1 నుంచి 5 వాడుతున్నారా? అయితే స్వరాలకు అంకెలు వాడొద్దు. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో తడబాటు) ఉన్న పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, వాళ్లకు సంగీతం రాక కాదు.

సరళీ వరసలతోనే (కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు) మొదలుపెట్టమని పెద్దవాళ్లు పట్టుబడతారు. అవి పాడే మాయామాళవగౌళ రాగాన్ని సి నుంచి వాయించాలంటే రిషభం (రి), ధైవతం (ద) నల్ల కీలు. గొంతుకు సులువైన రాగం కొత్త వేళ్లకు ఎగుడుదిగుడు. అవే వరసలు శంకరాభరణంలో, అన్నీ తెల్ల కీల మీద నేర్పి, తర్వాత ఆ రెండు స్వరాలు మార్చండి.

ఒక పాట నేర్పడం: చివరి నుంచి

ఎనిమిది బార్ల (ఒక్కో తాళపు చుట్టు ఒక బార్) పాటను రెండేసి బార్ల చొప్పున నాలుగు ముక్కలు చేయండి. మొదట నాలుగో ముక్క నేర్పండి. అది వచ్చాక మూడు, నాలుగు. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఇలాగైతే వాయించే ప్రతిసారీ తెలియని చోటు నుంచి తెలిసిన చోటుకు వెళ్తాడు, ప్రతిసారీ పాట పూర్తవుతుంది. మొదటి నుంచి నేర్పితే ప్రతిసారీ రానిచోట కూలబడతాడు.

మధ్యలో ఆపి దిద్దకండి. మొత్తం వరుసను బొమ్మలా పట్టేసే పిల్లలకు తప్పు, మీరన్న "కాదు కాదు", మళ్లీ మొదలుపెట్టడం, ఈ మూడూ పాటలో భాగమైపోతాయి. వచ్చే వారం సరిగ్గా అదే చోట ఆగి, మీ గొంతుతోనే "కాదు కాదు" అని, మొదటి నుంచి అందుకుంటాడు. చివరిదాకా పోనివ్వండి. అయ్యాక ఆ ఒక్క ముక్కనే తీసి నాలుగుసార్లు నెమ్మదిగా, తప్పు పడే వీలు లేనంత నెమ్మదిగా చేయించండి. మొదటి నుంచే తప్ప ఎత్తుకోలేని పిల్లలకు ముక్కల నంబర్లే మందు: "మూడు" అంటే మూడు నుంచి. ఆటలా రోజుకు రెండుసార్లు.

వరుసగా ఐదు వేళ్లు ఐదు కీల మీద ఉండే పాటలతోనే చాలాకాలం గడపండి. బొటనవేలు కిందనుంచి దూర్చే స్కేళ్లకు తొందరేం లేదు. మెట్రోనోమ్ టిక్‌టిక్ పడనివాళ్లకు బల్ల మీద చేత్తో తాళం వేయండి, లేదా కీబోర్డులోని నెమ్మది డ్రమ్ బీట్ తక్కువ వాల్యూములో పెట్టండి.

నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) ఎప్పుడు? నాలుగైదు పాటలు చేతికొచ్చాక. ఎ4 పేజీకి రెండు వరుసలే ఉండేలా పెద్దది చేసి, మెరవని కాగితం మీద ప్రింటు తీయండి. వరుస కింద వరుస కళ్లకు కలిసిపోతుంటే, కింది వరుసను తెల్లకాగితంతో కప్పండి.

చేతులు, కూర్చోవడం

కాళ్లు గాలిలో వేలాడితే వేళ్లు కుదురుగా ఉండవు. పాదాల కింద వంటింటి పీట పెట్టండి. సీటు ఎత్తుకు స్పాంజి దిండు వద్దు, మడతపెట్టిన దుప్పటి గట్టిగా ఉంటుంది. మోచేయి కీల ఎత్తుకు రావాలి.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు ఎక్స్ ఆకారపు స్టాండు పనికిరాదు, మోకాళ్లు తగులుతాయి, పైగా ఊగుతుంది. నాలుగు కాళ్ల గట్టి బల్ల, కింద ఖాళీ. కుర్చీ చేతులు బల్లకు తగులుతుంటే, తీసి పెట్టే రకమైతే తీయించండి. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ నేల మీద జారుతుంది, దాన్ని రబ్బరు డోర్‌మ్యాట్‌కు వెల్క్రోతో బిగించండి. కుడిపాదం రాకపోతే ఎడమపాదం కింద.

సెరిబ్రల్ పాల్సీలో బిగుసుకునే చేతికి ఏసీ చలి శత్రువు. ఏసీ ఆపండి, గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు చేతులు ఉంచాక మొదలుపెట్టండి. వేళ్లను లాగి తెరవడం మీ పని కాదు, ఫిజియోథెరపిస్టు ఏం చేయవచ్చంటారో కనుక్కోండి. ఒక చెయ్యి అంతగా పనిచేయకపోతే దానికి షడ్జమం పట్టి ఉంచే పని ఇచ్చి, రెండో చేతికి పాట ఇవ్వండి. అసలు ఒక చేత్తోనే వాయిస్తే అది సగం సంగీతమని ఎవరైనా అంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న పియానో వాద్యకారుడు పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ ఎడమచేతికే ఒక పూర్తి పియానో కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) రాశాడని చెప్పండి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల వేలి కొస జాయింటు వెనక్కి విరుచుకుంటుంది. చూపుడువేలికి బొటనవేలిని కింద ఆనించి, రెండూ కలిపి ఒక ముక్కులా నొక్కించండి. నెలరోజుల్లో కాకపోయినా మెల్లగా వేలు నిలబడుతుంది. వీళ్లలో చాలామందికి వినికిడి కూడా కొంత తక్కువ, ఒకసారి పరీక్ష చేయించారో లేదో అడగండి.

చూపు, వినికిడి

చూపు లేనివాళ్ల చెయ్యి పట్టి లాగి కీ మీద పెట్టకండి. మీ చెయ్యి కింద, వాళ్ల చెయ్యి పైన. మీ వేలు ఎలా వంగుతోందో వాళ్లు తడిమి తెలుసుకుంటారు, వద్దనిపిస్తే తీసేసుకుంటారు. ఇంటికి కుడిచేయి విడిగా, ఎడమచేయి విడిగా, రెండూ కలిపి, మూడు రికార్డింగులు వాట్సాప్‌లో పంపండి. చూపు లేనివాళ్లకు చుక్కల లిపి తయారుచేసిన లూయీ బ్రెయిలీ స్వయంగా ఆర్గాన్ వాయించేవాడు, 1829లో అచ్చయిన ఆయన పుస్తకంలోనే సంగీతానికీ లిపి ఉంది. అయితే ఒక చేత్తో చదువుతూ రెండో చేత్తోనే వాయించగలరు కాబట్టి బార్ తర్వాత బార్ కంఠస్థం చేయాల్సిందే. చెవి ముందు, బ్రెయిలీ తర్వాత.

హియరింగ్ ఎయిడ్ ఉంటే సాగదీసిన స్వరాన్ని అది ఈలమోత అనుకుని వణికించవచ్చు. మ్యూజిక్ ప్రోగ్రామ్ ఉందేమో ఆడియాలజిస్టును అడగమనండి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఉన్నవాళ్లకు తాళం బాగా అందుతుంది, స్వరాల తేడా అంతగా అందదు. లయతో మొదలుపెట్టండి, దగ్గరదగ్గర స్వరాల పాటలు కాకుండా ఎడంగా ఉన్నవి ఎంచుకోండి.

చెయ్యి దాటినప్పుడు

చెవులు మూసుకుని కేకలు వేస్తుంటే పాఠం ఆపేయండి. లైటు తగ్గించండి, మాటలు ఆపండి, పక్కకు జరగండి. "ఏడవకు, మంచిబాబు కదా" అనడం కూడా అప్పుడు ఒక మోతే. ఊగడం, చేతులు ఆడించడం మాత్రం ఆపనక్కర్లేదు, అవి లోపలి అలజడిని సర్దుకునే మార్గాలు.

ఫిట్స్ వస్తే టైము చూడండి. మెల్లగా కిందికి దించి పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తనిదేదైనా పెట్టండి, స్టూలు దూరంగా జరపండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం రెండూ వద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోను.

ఇంటి సాధన, పరీక్ష, వేదిక

రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున, అన్నం తినేముందు లాంటి ఒక కుదురైన సమయానికి. అమ్మ దిద్దకూడదు, వినాలి. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి వారం పాత పాటలే.

లండన్ సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే సంగీతం గ్రేడ్ పరీక్షల్లో ఇలాంటి విద్యార్థులకు అదనపు సమయం, పెద్ద అక్షరాల నొటేషన్ లాంటి వెసులుబాట్లు ఉన్నాయి. మార్కులు వేసే కొలత మారదు. దరఖాస్తు పరీక్షకు పేరు ఇచ్చేటప్పుడే సర్టిఫికెట్లతో పెట్టాలి, ఆ రోజు వెళ్లి అడిగితే కుదరదు. కొత్త గదికి, కొత్త మనిషికి బెదిరే పిల్లలకు వీడియో తీసి పంపే పరీక్షే హాయి: అలవాటైన గది, అలవాటైన కీబోర్డు.

కళాభారతి లాంటి ఆడిటోరియంలో కార్యక్రమం ఉంటే ముందురోజు ఖాళీ హాల్లోకి తీసుకెళ్లి, వేదిక మెట్ల నుంచి స్టూలు దాకా మూడుసార్లు నడిపించండి. ఆ రోజు వాడేది క్లాసులోని కీబోర్డే కావాలి. చప్పట్లు పడని పిల్లాడైతే రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించమని మైకులో ముందే ప్రేక్షకులకు చెప్పండి. పాట అయిన వెంటనే శాలువా, దండ, ఫోటో అని చుట్టుముట్టకుండా పక్కగదికి దారి ఖాళీగా ఉంచండి. ఫోటో ఇంటికెళ్లాక తీసుకోవచ్చు.